ఎగ్జిట్ నుంచి వెనక్కి చదవాలి: ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రైవేట్ ఈక్విటీ డీల్

ప్రైవేట్ ఈక్విటీ లాయరు రోజంతా ఏం చేస్తారని లా విద్యార్థులు అడిగితే నేను ఈ డీల్ గురించే చెబుతాను. ప్రైవేట్ ఈక్విటీ అంటే, కంపెనీల్లో వాటా కొని కొన్నేళ్ళకు అమ్ముకుని వెళ్ళిపోయే ఫండ్ల పెట్టుబడి. ఆ వెళ్ళిపోవడమే ఎగ్జిట్. క్లయింటు రహస్యం కాపాడాలి కాబట్టి పేర్లు తీసేశాను, ఊళ్ళు మార్చాను. అంకెల్ని నిష్పత్తి చెడకుండా మార్చాను. చట్టం, జరిగిన తీరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, బయటికొచ్చి సొంత ఫ్యాక్టరీలు పెట్టినవాళ్ళే హైదరాబాద్ బల్క్ డ్రగ్ (మందులకు కావాల్సిన మూల పదార్థాల) పరిశ్రమకు పునాది వేశారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు వచ్చిందీ అక్కణ్ణించే. మా క్లయింటు కూడా ఆ బాటలో నడిచిన కెమిస్టే. 1990లలో తమ్ముడితో కలిసి కంపెనీ పెట్టారు. ఇప్పుడు ఒక యూనిట్ సంగారెడ్డి జిల్లాలో, ఇంకొకటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. పెద్దబ్బాయి ఫ్యాక్టరీ చూస్తాడు, చిన్నబ్బాయికి విడిగా ఒక చిన్న ఫార్ములేషన్ (తయారైన మందుల) కంపెనీ ఉంది. కొత్త రియాక్టర్ బ్లాకు కట్టడానికి డబ్బు కావాలి, బ్యాంకు అప్పు ఇంక పెంచుకునే ఓపిక లేదు. అప్పుడు సింగపూర్ నుంచి పెట్టుబడి పెట్టే ఒక ఫండ్ ముందుకొచ్చింది.

లెక్క ఇదీ. పెట్టుబడికి ముందు కంపెనీ విలువ 800 కోట్లుగా ఒప్పుకున్నారు. కొత్త షేర్ల కింద 160 కోట్లు కంపెనీలోకి వస్తాయి. కుటుంబం నుంచి కొనే పాత షేర్లకు ఇంకో 128 కోట్లు. మొత్తం 288 కోట్లకు, డీల్ తర్వాతి 960 కోట్ల విలువ మీద, ఫండ్‌కు 30 శాతం వాటా. కొత్త షేర్లు సీసీపీఎస్ రూపంలో ఇస్తారు. అంటే తర్వాత తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. నేను కుటుంబం తరఫు లాయర్ని. ఫండ్ తరఫున ముంబై నుంచి పెద్ద బృందమే దిగింది.

డీల్ ముఖ్యాంశాలు రాసే తొలి కాగితం, టర్మ్ షీట్, నా చేతికి రాగానే నేను చూసేది వాల్యుయేషన్ కాదు, చివర్లో ఉండే ఎగ్జిట్ పేరా. ఫండ్ డబ్బు ఫండ్‌ది కాదు. ఎవరెవరి దగ్గరో తెచ్చి, ఇన్నేళ్ళలో తిరిగిస్తామని మాటిచ్చిన డబ్బు. కాబట్టి వాళ్ళు వచ్చే రోజే వెళ్ళే దారి రాసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ మిగతా క్లాజులన్నీ ఆ దారికే పనిచేస్తాయి. షేర్ల టైటిల్, బోర్డు సీట్లు, ఫండ్ ఒప్పుకుంటే తప్ప చేయకూడని పనుల జాబితా, అన్నీ. ఎగ్జిట్ అర్థమైతే మిగతా వంద పేజీలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. ప్రమోటర్లు మొదటి పేజీలో వాల్యుయేషన్ చూసి ఆగిపోతారు. వాళ్ళను చివరి పేజీ దాకా తీసుకెళ్ళడమే నా ఉద్యోగంలో సగం అని నా నమ్మకం.

రిజిస్టర్‌లో చనిపోయిన మనిషి

డ్యూ డిలిజెన్స్, అంటే డబ్బు పెట్టేముందు కంపెనీ కాగితాలన్నీ తనిఖీ చేయడం, మొదలయ్యాక మొదట బయటపడింది షేర్ల సంగతి. పెద్దాయన తమ్ముడు 2014లో కాలం చేశారు. ఆయన పేరు మీద 12 శాతం షేర్లున్నాయి. మెంబర్స్ రిజిస్టర్‌లో ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఏటా కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు, ఆర్‌ఓసీలో వేసే యాన్యువల్ రిటర్న్‌లోనూ అదే పేరు. పాత మినిట్స్ పుస్తకం తిరగేస్తే, పోయిన రెండేళ్ళ తర్వాత జరిగిన జనరల్ మీటింగ్‌కు కూడా ఆయన హాజరైనట్టు రాసుంది. ఎవరో పాత మినిట్స్ చూసి దించేశారన్నమాట. ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు సభ్యులుంటే కోరం సరిపోతుంది కాబట్టి ఆ తీర్మానాలు నిలబడ్డాయి. పాత తీర్మానాల్ని మళ్ళీ ఖరారు చేసే ర్యాటిఫికేషన్ తీర్మానంతో దాన్ని సరిచేశాం.

షేర్లు ఎవరివన్నదే అసలు చిక్కు. ఇంట్లో అందరి లెక్క ప్రకారం ఆ 12 శాతం ఆయన భార్యది, కూతురిది. చట్టం లెక్క వేరు. వీలునామా లేకుండా చనిపోయిన హిందూ పురుషుడికి క్లాస్ వన్ వారసుల్లో భార్యా పిల్లలతోపాటు తల్లి కూడా ఉంటుంది. 2014లో వాళ్ళమ్మగారు బతికే ఉన్నారు. కాబట్టి భార్యకు 4 శాతం, కూతురికి 4, తల్లికి 4. ఆ తల్లిగారు 2019లో పోయారు, ఆవిడా వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ కింద ఆవిడ 4 శాతం మూడు భాగాలవుతుంది: మా క్లయింటుకు ఒకటి, వాళ్ళ చెల్లెలికి ఒకటి, ముందే పోయిన కొడుకు కూతురికి ఒకటి. రాజమండ్రిలో ఉంటున్న ఆ చెల్లెలికి ఈ కంపెనీలో 1.33 శాతం వాటా ఉందని ఎవరికీ తెలియదు, ఆవిడతో సహా. డీల్ ధర ప్రకారం దాని విలువ పది కోట్ల అరవై లక్షల పైమాటే.

ఈ ఒక్క పొరపాటు ఎగ్జిట్‌ను పడగొట్టగలదు. రేపు ఫండ్ కంపెనీ మొత్తాన్ని ఎవరికైనా అమ్మాలంటే ప్రతి షేరు ఎవరిదో తెలియాలి, ఆ ప్రతి ఒక్కరూ ఒప్పందంలో సంతకం పెట్టి ఉండాలి. పైగా ఇప్పుడు చిన్న కంపెనీలు తప్ప మిగతా ప్రైవేట్ కంపెనీలన్నీ 2023లో వచ్చిన 9బి రూలు కింద కాగితం షేర్లను ఎలక్ట్రానిక్ రూపమైన డీమ్యాట్‌లోకి మార్చాలి. కొత్త షేర్లు ఆఫర్ చేసే ముందే ప్రమోటర్ల, డైరెక్టర్ల షేర్లు డీమ్యాట్‌లో ఉండాలి. పాత షేర్లు అమ్మేవాళ్ళూ అంతే. చనిపోయిన మనిషి పేరున్న కాగితం సర్టిఫికెట్ డీమ్యాట్ అవదు.

ఇలాంటిచోట సులువైన దారొకటి కళ్ళముందు కనిపిస్తుంది. చెల్లెలి దగ్గరికి హక్కు వదులుకునే ఒక రిలింక్విష్‌మెంట్ డీడ్ పంపి, ‘ఊరికే ఫార్మాలిటీ’ అని సంతకం చేయించుకోవడం. కుటుంబ ఆడిటరు అదే సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. తనకేముందో తెలియకుండా వదులుకున్న హక్కు కోర్టులో నిలబడుతుందని నమ్మలేం. అంతకన్నా ముందు, అది అన్యాయం. పెద్దాయనకి కాగితం మీద వంశవృక్షం గీసి, పక్కన శాతాలు, రూపాయలు రాసి చూపించాను. ఆయన కాసేపు దాన్నే చూసి, “దానిది దానికిచ్చేయండమ్మా, ఇందులో ఆలోచించేదేముంది” అన్నారు. ఆవిడ హైదరాబాద్ వచ్చినప్పుడు, “అన్నయ్యా, నేనేమీ అడగలేదు కదా” అన్నారు. వేరే లాయరు దగ్గర చదివించుకున్నాకే సంతకం పెట్టమని నేనూ గట్టిగా చెప్పాను. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం సివిల్ కోర్టుకు వెళ్ళాం. ఎవరూ అభ్యంతరం చెప్పకపోయినా నోటీసులు, పేపరు ప్రకటన అంటూ నెలలు పట్టింది. డీల్ ముగించాల్సిన ఆఖరి తేదీని (లాంగ్ స్టాప్ డేట్) పొడిగించాల్సి వచ్చింది. చివరికి అమ్మకానికి పెట్టిన 16 శాతం (డీల్‌కు ముందటి లెక్కలో) పాత షేర్లలో 10.67 శాతం మరదలు, ఆమె కూతురు, చెల్లెలు అమ్మినవి. మిగతా 5.33 శాతమే పెద్దాయన వైపు నుంచి వెళ్ళింది.

ఈ రంగానికి రావాలనుకునే పిల్లలు కంపెనీ లా బాగా చదువుతారు. కుటుంబ చట్టాల్ని మాత్రం సెమిస్టరు పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. మన దగ్గర కంపెనీలు ఎక్కువగా కుటుంబాలవే. హిందూ వారసత్వ చట్టం రాకపోతే ఎవరికెంత వాటా అని చూపే క్యాప్ టేబుల్ కూడా రాదు.

భూమి

రెండో యూనిట్ పక్కన కొన్న నాలుగెకరాలు అసైన్డ్ భూమి అని తేలింది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి. 1977 నాటి చట్టం ప్రకారం అది చేతులు మారకూడదు. అక్కడ షెడ్డు లేదు, ట్యాంకర్లు ఆపే జాగా మాత్రమే. దాన్ని డీల్ లెక్కలోంచి తీసేసి, దాని వల్ల వచ్చే ఏ నష్టానికైనా కుటుంబం విడిగా ఇండెమ్నిటీ (నష్టం భర్తీ చేస్తామన్న హామీ) ఇచ్చేలా రాశాం. అసలు ఇది దొరికిందంటే మా ఆఫీసులో ఒక జూనియర్ పుణ్యమే. ఖాస్రా పహాణీ, సేత్వార్ లాంటి పాత ఉర్దూ భూమి రికార్డులు చదవగలిగే మనిషిని వెతికి పట్టుకుని, కలెక్టరేట్‌లో కూర్చుని సర్వే నంబర్లు సరిచూశాడు. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆ సంగతి కనబడలేదు. ముంబై బృందానికి ఎంత తెలివి ఉన్నా ఈ పని వాళ్ళవల్ల కాదు. ఇక్కడ పుట్టి పెరిగిన లాయర్లకు ఇదో బలం.

288 కోట్లు 777 కోట్లయ్యే క్లాజు

ఇక ఎగ్జిట్. ఫండ్ మొదటి డ్రాఫ్టులో మెట్లు ఇలా ఉన్నాయి. ఐదేళ్ళలో ఐపీఓ. అది కాకపోతే ఫండ్ తన షేర్లను మూడో వ్యక్తికి అమ్ముకోవడం. అదీ కాకపోతే కంపెనీ బైబ్యాక్. తర్వాత ప్రమోటర్ల మీద పుట్ ఆప్షన్, అంటే ఫండ్ అడిగితే దాని షేర్లను వాళ్ళే కొనాలి. ఆఖర్న డ్రాగ్ అలాంగ్, అంటే ఫండ్ అమ్మేటప్పుడు కుటుంబం షేర్లు కూడా కలిపి అమ్మించే హక్కు.

బైబ్యాక్ అనే మాట ప్రమోటర్లకు ధైర్యమిస్తుంది, ‘కంపెనీ డబ్బుతో కొనేస్తాం’ అనుకుంటారు. కంపెనీల చట్టం 68వ సెక్షన్ ఒకసారికి పెయిడప్ క్యాపిటల్ (చెల్లించిన మూలధనం), ఫ్రీ రిజర్వులు (పంచుకోగల మిగులు) కలిపిన మొత్తంలో 25 శాతానికి మించి బైబ్యాక్ చేయనివ్వదు. ఒకటి చేశాక ఏడాది దాకా ఇంకొకటి చేయకూడదు. ఇక్కడ పెట్టుబడి వచ్చాక కూడా, సెక్యూరిటీస్ ప్రీమియం (షేరు ముఖవిలువకు మించి వచ్చిన సొమ్ము) కలుపుకుని, ఆ మొత్తం 320 కోట్లు. అంటే ఒక విడతకి 80 కోట్లు. ఫండ్ పెట్టిన 288 కోట్లు పెట్టినంతే వెనక్కివ్వాలన్నా నాలుగేళ్ళు. కాబట్టి ఆ మెట్టు పేరుకే ఉన్నట్టు. బరువంతా కింది రెండు మెట్ల మీద పడుతుంది.

పుట్ ఆప్షన్‌లో ధర ఇలా రాసింది: సరసమైన విలువ, లేదా పెట్టుబడి మీద ఏటా 18 శాతం రాబడి, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. నేను కాలిక్యులేటర్ తీసి పెద్దబ్బాయి ముందే లెక్క వేశాను. 288 కోట్లు, 18 శాతం, ఆరేళ్ళు: 777 కోట్లు. అంటే ఈరోజు కంపెనీ మొత్తానికి కట్టిన విలువ దాదాపుగా. కుటుంబం సొంత ఆస్తులన్నీ అమ్మినా అందులో పావు వంతు రాదు.

విదేశీ పెట్టుబడి కాబట్టి దీనికి చట్టంలోనే అడ్డుంది. 2019 నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్ ప్రకారం విదేశీ ఇన్వెస్టరుకు నిర్ణీత రాబడి హామీ ఇవ్వకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడివాళ్ళకు అమ్మేటప్పుడు ధర వాల్యుయేషన్‌కు మించకూడదు. ‘ఎలాగూ చెల్లని క్లాజు కదా, ఉండనివ్వండి, డీల్ చెడగొట్టుకోవడం దేనికి’ అని కొందరు సలహా ఇస్తారు. అది చాలా ప్రమాదకరమైన సలహా. ఎన్‌టీటీ డొకోమో, టాటా సన్స్ వివాదం గుర్తు చేసుకోవాలి. జపాన్ టెలికం కంపెనీ డొకోమోకు, వెళ్ళిపోయేటప్పుడు పెట్టుబడిలో కనీసం సగం వచ్చేలా ఒప్పందముంది. రిజర్వు బ్యాంకు ఆ చెల్లింపుకు అభ్యంతరం చెప్పింది. అయినా మధ్యవర్తుల ముందు జరిగిన ఆర్బిట్రేషన్‌లో 2016లో డొకోమోకు 117 కోట్ల డాలర్లకు పైగా అవార్డు వచ్చింది. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ అవార్డును అమలు చేయడానికే మొగ్గింది. ధరగా ఇవ్వలేకపోయినా, ఒప్పందం ఉల్లంఘించినందుకు నష్టపరిహారంగా పడొచ్చన్నమాట. అందుకే చెల్లదనుకున్న క్లాజుని కూడా డ్రాఫ్టులోంచి కొట్టించాల్సిందే. వాళ్ళ లాయర్లతో డ్రాఫ్టు మీద మూడు రౌండ్ల దిద్దుబాట్ల తర్వాత పుట్ ఆప్షన్ మొత్తం పోయింది.

డ్రాగ్ అంత తేలిగ్గా పోలేదు. దాన్ని చర్చించే ముందు ఎగ్జిట్ అధ్యాయం మొత్తాన్ని ఏడు పేజీల తెలుగు నోట్‌గా రాసి కుటుంబానికిచ్చాను. ఇది నేను ప్రతి డీల్‌లోనూ చేస్తాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివారు. డ్రాగ్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు.

“అంటే అమ్మా, రూపాయిలో ముప్పై పైసల వాటా ఉన్నవాడు రూపాయంతా అమ్మేస్తాడా?”

“అవునండీ. అమ్మగలడు. ఈ డ్రాఫ్టు ప్రకారం ఐదేళ్ళ ఒక రోజుకే అమ్మగలడు.”

“మరి ఇది ముందే ఎవరూ చెప్పలేదే?”

టర్మ్ షీట్‌లో అది ఒక్క వాక్యం: ‘మార్కెట్ పద్ధతి ప్రకారం డ్రాగ్ హక్కులు’. అప్పుడే దాని మీద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి కుటుంబానికి పంపాను. కానీ ఆ వారం అందరి ధ్యాసా 750 నుంచి 800 కోట్లకు పెరిగిన వాల్యుయేషన్ మీదే.

డ్రాగ్ లేకుండా ఫండ్లు మామూలుగా మైనారిటీ పెట్టుబడి పెట్టవు, అది నేను క్లయింటుకి దాచను. కాబట్టి దానికి కాలం, ధర, వరస బిగించాం. ఆరేళ్ళు నిండి, నిజాయితీగా చేసిన ఐపీఓ ప్రయత్నం విఫలమైతేనే అది మొదలవుతుంది. ముందు కుటుంబానికి 90 రోజుల ఫస్ట్ ఆఫర్ హక్కు, అంటే తామే కొంటామని మొదట ధర చెప్పే అవకాశం. కంపెనీ విలువ 1,680 కోట్లకు తగ్గితే ఎనిమిదో ఏడు దాకా డ్రాగ్ లేదు.

ఫార్మా కాబట్టి ఇంకో ముడి ఉంది. నడుస్తున్న ఫార్మా కంపెనీలో విదేశీ పెట్టుబడి 74 శాతం దాకా ఆటోమేటిక్ మార్గంలో రావచ్చు, అది దాటితే ప్రభుత్వ అనుమతి కావాలి. రేపు ఫండ్ మొత్తం కంపెనీని విదేశీ కంపెనీకి అమ్మితే ఈ గీత దాటినట్టే. హైదరాబాద్ గ్లాండ్ ఫార్మా ఉదాహరణ ఎవరూ మరచిపోలేదు. అమెరికా ఫండ్ కేకేఆర్ వాటా అమ్మి వెళ్ళిపోయిన ఆ డీల్‌లో చైనా కంపెనీ ఫోసన్ 2016లో దాదాపు 86 శాతం కొంటామని ప్రకటించి, 2017లో 74 శాతానికి తగ్గించుకుని ముగించింది. సువెన్ ఫార్మాలో విదేశీ ఫండ్ అడ్వెంట్ డీల్ 2022 డిసెంబరులో ప్రకటిస్తే, 76.1 శాతం దాకా పెట్టుబడికి కేంద్ర కేబినెట్ కమిటీ ఆమోదం 2023 సెప్టెంబరులో వచ్చింది. మా డ్రాఫ్టులో మాత్రం డ్రాగ్ నోటీసు ఇచ్చిన 60 రోజుల్లో అమ్మకం పూర్తికాకపోతే కుటుంబం డిఫాల్ట్ చేసినట్టు. ఢిల్లీలో ఫైలు కదలకపోతే సంగారెడ్డిలో ప్రమోటరు దోషి! ఆ వాక్యం మార్చడానికే ఒక రాత్రంతా వాదించాం. అనుమతికి పట్టే కాలం లెక్కలోకి రాకుండా, అనుమతి తెచ్చుకునే భారం కొనేవాళ్ళ మీద ఉండేలా మారింది.

చిన్నబ్బాయి కంపెనీ

ఫండ్ అడిగినవాటిలో కుటుంబాన్ని బాగా కలవరపెట్టింది నాన్ కంపీట్. ఐదేళ్ళపాటు కుటుంబంలో ఎవరూ మందుల వ్యాపారం చేయకూడదన్నారు. చిన్నబ్బాయి చేసేదే అది. ఇంట్లో వాతావరణం బిగుసుకుపోయింది. పెద్దబ్బాయి తమ్ముణ్ణి కంపెనీ మూసేయమంటున్నాడు, తల్లి మధ్యలో నలిగిపోతోంది.

అసలు ఆ క్లాజు అడగడానికే వీల్లేదు. నడుస్తున్న ఫార్మా కంపెనీల్లో విదేశీ పెట్టుబడికి పెట్టిన షరతుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప, నాన్ కంపీట్ ఉండకూడదని 2014 నుంచీ ఉంది. దేశీ కంపెనీలు వరసగా విదేశీ చేతుల్లోకి పోతుంటే, వాటిని నడిపిన అనుభవజ్ఞులు మళ్ళీ మందులు తయారుచేయకుండా ఆగిపోతే రోగులకే నష్టమన్న ఆందోళనలోంచి పుట్టిన నియమమది. నా దృష్టిలో మంచి నియమం. ముంబై బృందం మామూలు టెంప్లేట్ వాడారు, నిబంధన చూపించగానే వెనక్కి తీసుకున్నారు. బదులుగా గోప్యత, ఉద్యోగులను లాక్కోకపోవడం, పెద్దబ్బాయి పూర్తికాలం ఇక్కడే పనిచేయడం రాసుకున్నాం. చిన్నబ్బాయి కంపెనీకి అమ్మే సరుకంతా మార్కెట్ ధరకే ఉండాలి, దాని మీద ఫండ్ డైరెక్టరు ఆమోదం ఉండాలి. అన్నదమ్ములిద్దరూ దీనికి సంతోషంగా ఒప్పుకున్నారు.

క్లోజింగ్

షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌లో ఉన్న ట్రాన్స్‌ఫర్ నియమాలన్నీ కంపెనీ సొంత నియమావళి అయిన ఆర్టికల్స్‌లోకి ఎక్కించాం. ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీని కట్టిపడేయదని 1991లో వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఒక్క తీర్పు చదవకుండా ఎవరూ ఈ పనిలోకి రాకూడదు.

డబ్బు 2025లో పడింది. ఆ రోజు పని అంతా వరస తప్పకుండా చేయడమే. విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకి సొమ్ము, బోర్డు మీటింగు, అలాట్‌మెంట్, షేర్లు కేటాయించినట్టు తెలిపే పాస్-3 ఫారం దాఖలు. అది దాఖలయ్యేదాకా ఆ 160 కోట్లలో రూపాయి ముట్టుకోకూడదు. కాంట్రాక్టరు అడ్వాన్సు కోసం ఫోన్లు చేస్తున్నా పెద్దబ్బాయిని ఆపాం. తర్వాత రిజర్వు బ్యాంకుకిచ్చే రిపోర్టులు: కొత్త షేర్లకు 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్, పాత షేర్ల బదిలీకి 60 రోజుల్లో ఎఫ్‌సీ-టీఆర్‌ఎస్. పాత షేర్ల మీద స్టాంపు డ్యూటీ 0.015 శాతం. ఈ గడువుల పట్టిక మా మొదటి ఏడాది జూనియర్ చేతిలో ఉంటుంది. ఈ వృత్తిలో అందరూ మొదలయ్యేది అక్కడే. డెఫినిషన్లు సరిచూడటం, డేటా రూమ్ ఇండెక్స్, ఎక్సెల్‌లో క్యాప్ టేబుల్, గడువులు. రెండు మూడేళ్ళకు డ్యూ డిలిజెన్స్ రిపోర్టు సొంతంగా రాస్తారు. ఆ తర్వాతే ఎదుటి పక్షంతో ఫోన్‌లో మాట్లాడనిస్తారు. నల్సార్ లాంటి పేరున్న లా యూనివర్సిటీలో చదివినవాళ్ళకు పెద్ద సంస్థల తలుపులు త్వరగా తెరుచుకుంటాయి, నిజమే. కానీ పహాణీ రికార్డులు చదివించుకొచ్చిన మా జూనియర్ జిల్లా కాలేజీలో చదివినవాడే. బ్యాలెన్స్ షీటు చదవడం రాత్రిళ్ళు కూర్చుని ఒక సీఏ స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాడు. బైబ్యాక్ పరిమితి లెక్క ముందుగా వేసి నా టేబుల్ మీద పెట్టింది కూడా వాడే.

కొత్త రియాక్టర్ బ్లాకు కడుతున్నారు. అసైన్డ్ భూమి ఇండెమ్నిటీ ఇంకా నడుస్తోంది. ఐపీఓకు ముందే సీసీపీఎస్‌ను ఈక్విటీగా మార్చాలి, లిస్టింగ్‌తో ఫండ్ ప్రత్యేక హక్కులు పోవాలి. వాటి తేదీలు, ఎవరేం చేయాలో రాసిన పట్టిక ఇప్పుడు ఆ జూనియర్ దగ్గరే ఉంది.